మేనకోడలికి, సుడో కొట్టే ముందు

అమ్మలూ,

సర్వర్ల పని ఇక నీ చేతికే ఇస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయాను. వెంటనే గుబులూ పట్టుకుంది.

సుడో అంటే కమాండ్‌ని రూట్‌గా, అంటే సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న ఖాతాగా నడిపేది. నీకు తెలిసినవి ఒక్క ముక్కలో: రూట్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, సుడో ఎవరు వాడొచ్చో చెప్పే సుడోయర్స్ ఫైల్‌ని, తప్పులు సరిచూసే విసుడోతోనే దిద్దు.

నువ్వు కమాండ్లు కొట్టే షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్స్, అంటే కమాండ్లకి అందేలా పేరు పెట్టి దాచిన విలువలు, మామూలుగా సుడో గడప దాటవు. ఎన్వ్ రీసెట్ అనే సెట్టింగ్, టెర్మినల్ రకం చెప్పే టెర్మ్ లాంటి కొన్నింటిని తప్ప మిగతావి తీసేస్తుంది. కమాండ్లని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్‌ని కూడా చాలా సర్వర్లలో సెక్యూర్ పాత్ అనే సెట్టింగ్ మార్చేస్తుంది. నీకు నడిచే కమాండ్ సుడోతో దొరకడం లేదంటే ముందు అక్కడ చూడు.

నా భయమంతా ఒక్కదాని గురించే. పాత బ్యాకప్‌లు చెరిపే స్క్రిప్టు ఉందనుకో. అందులో ఫోల్డర్లతో సహా అడక్కుండా చెరిపే ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్, పక్కనే డాలర్ బ్యాకప్ డిర్ (బ్యాకప్ ఫోల్డర్ పేరు దాచిన వేరియబుల్), స్లాష్, స్టార్. నీ షెల్‌లో ఆ వేరియబుల్ ఉంది కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. ఓ రోజు పర్మిషన్ చాలక ముందు సుడో తగిలిస్తావు. వేరియబుల్ పోయింది, మిగిలింది స్లాష్ స్టార్, అంటే సర్వర్ మూల ఫోల్డర్‌లో ఉన్నవన్నీ. అదీ రూట్‌గా! ఆర్ఎంలో ఉండే ప్రిజర్వ్ రూట్ అనే రక్షణ ఆపదా అంటావేమో. అది ఒట్టి స్లాష్‌నే ఆపుతుంది. స్టార్‌ని షెల్ ముందే విప్పి ఈటీసీ, హోమ్, వార్ అంటూ ఒక్కో పేరూ ఆర్ఎంకి అందిస్తుంది తల్లీ. అందుకే స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ యూ రాయి. అది లేని వేరియబుల్‌ని పట్టుకుంటుంది గానీ, ఉండీ ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. కాబట్టి చెరిపే లైన్లో వేరియబుల్ పేరుని ఫ్లవర్ బ్రాకెట్లో పెట్టి, పేరు వెనకే కోలన్, క్వశ్చన్ మార్క్ చేర్చు. రెండు సందర్భాల్లోనూ స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది.

సరిచూడటానికి సుడో ఎకో డాలర్ ఫలానా అని మాత్రం కొట్టకు. ఆ డాలర్‌ని విప్పేది నీ షెల్లే, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సుడో ప్రింట్ఎన్వ్ కొట్టు, సుడో దాటి నిజంగా అందినవి అది చూపిస్తుంది.

వేరియబుల్ నిజంగా కావాలంటే సుడోయర్స్‌లో ఎన్వ్ కీప్ అనే జాబితా కింద ఆ ఒక్క పేరే చేర్చు. బద్ధకించి సుడోకి మైనస్ ఈ పెట్టేవంటే ఊరుకోను. అనుమతి ఉంటే అది అక్కర్లేనివీ మోసుకెళ్తుంది, సెక్యూర్ పాత్ ఉన్నచోట పాత్ మాత్రం ఎలాగూ రాదు.

వేరే యూజర్‌గా మారే ఎస్‌యూ కమాండ్ తీరు వేరు. హైఫన్ లేకుంటే హోమ్, షెల్ లాంటి వేరియబుల్స్ మారతాయి, మిగతావి నీవే వెంటొస్తాయి. హైఫన్ పెడితే కొత్తగా లాగిన్ అయినట్టే.

మొదటిసారి ఆర్ఎం ముందు ఎకో పెట్టి నడుపు. వచ్చిన లైన్ నాకు పంపు, అర్ధరాత్రయినా సరే చూస్తాను.

మావయ్య