వాజ్‌పేయి శాంతి ప్రయత్నాల వల్ల నిజంగా ఒరిగిందేమైనా ఉందా?

1999లో వాజ్‌పేయి శాంతి కోసం బస్సులో పాకిస్థాన్‌లోని లాహోర్ వెళితే బదులుగా కార్గిల్ యుద్ధం వచ్చింది కదా, ఇక ఆయన శాంతి ప్రయత్నాల వల్ల ఒరిగిందేమిటని అడిగారు. ఒరిగింది. సైన్యంలో ఉండగా నేను కళ్లారా చూశాను.

2002లో మా యూనిట్ జమ్మూ కశ్మీర్‌లోని పూంచ్ సెక్టార్లో, భారత్–పాక్ నియంత్రణ రేఖ మీద ఉండేది. పార్లమెంటుపై దాడి తర్వాత లక్షల మంది సైనికులను సరిహద్దుకు తరలించిన కాలం అది. పగటిపూట పోస్టు బయట తిరగలేకపోయేవాళ్లం. రేషన్ చీకటి పడ్డాకే కంచరగాడిదల మీద వచ్చేది. మాకు బంకర్లయినా ఉండేవి. కింది ఊళ్లలోని గుజ్జర్లకు, పహాడీలకు చాలాచోట్ల అవీ లేవు. షెల్లింగ్ మొదలైతే పిల్లల్నీ గేదెల్నీ వెంటేసుకుని కొండ అవతలికి పరుగెత్తేవాళ్లు. రేఖకు దగ్గర్లోని మొక్కజొన్న చేలు బీడు పడిపోయాయి.

2003 ఏప్రిల్లో శ్రీనగర్ సభలో వాజ్‌పేయి మళ్లీ స్నేహహస్తం చాచారు. మా పోస్టులో చాలామందికి కోపం వచ్చింది. కార్గిల్లో పోయినవాళ్లలో మాతోపాటు ట్రైనింగ్ చేసినవాళ్లున్నారు మరి. నవంబరులో, రంజాన్ పండుగ నుంచి కాల్పులు ఆపుతామని పాకిస్థాన్ ప్రధాని జమాలీ ప్రకటించారు. భారత్ సరేనని, సియాచిన్‌లో కూడా ఆపుదామంది. నవంబరు 25 అర్ధరాత్రి నుంచి అమలన్నారు. మేం నమ్మలేదు, ఆ రాత్రి సెంట్రీలను పెంచాం. కానీ తుపాకులు నిజంగానే ఆగాయి. తర్వాతి సీజన్లో ఆ బీడు చేలల్లో నాగళ్లు కదిలాయి. అంతకుముందు కాల్పుల మధ్య నత్తనడక నడిచిన, రేఖ వెంబడి కంచె వేసే పని కూడా 2004లో పూర్తయింది.

ఇదంతా ఆయన ఒక్కడి గొప్ప అనను. అప్పటి పాకిస్థాన్ అధ్యక్షుడు ముషారఫ్‌కు తన లెక్కలు తనకున్నాయి, అమెరికా ఒత్తిడీ ఉంది. చొరబాట్లు కూడా పూర్తిగా ఆగలేదు. అయినా కార్గిల్, విమానం హైజాక్, 2001లో ఆగ్రా చర్చల వైఫల్యం, పార్లమెంటు దాడి, ఇన్ని చూసిన ప్రధాని మళ్లీ మాట్లాడదామనడానికి చాలా గుండె కావాలి. ఎన్నికలు దగ్గరపడుతున్నాయని తెలిసీ 2004 జనవరిలో ఇస్లామాబాద్ వెళ్లారు. అక్కడ తమ అధీనంలోని ఏ భూభాగాన్నీ ఉగ్రవాదానికి వాడనివ్వమని ముషారఫ్ చేత ఉమ్మడి ప్రకటనలో మాట ఇప్పించారు.

మేలో ఎన్నికల్లో వాజ్‌పేయి ప్రభుత్వం ఓడిపోయింది. తర్వాత ప్రధాని అయిన మన్మోహన్ సింగ్ అదే దారిలో సాగబట్టే 2005 ఏప్రిల్లో శ్రీనగర్ నుంచి రేఖ అవతలి ముజఫరాబాద్‌కు బస్సు నడిచింది. ఆ తర్వాత కాల్పుల విరమణ ఒప్పందానికి చాలాసార్లు తూట్లు పడ్డాయి, నిజమే. 2025 మేలో పూంచ్ పట్టణం మీదే గుండ్లు పడి సామాన్యులు చనిపోయారు. ఆ వార్త విన్నాక, 2003 తర్వాత వచ్చిన ఆ కొన్నేళ్ల ప్రశాంతతను ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నేను ఊరుకోలేకపోతున్నాను.