డే కేర్‌లో చేరినప్పటి నుంచి పాపకు జలుబే జలుబు, ఇమ్యూనిటీ సిరప్ పట్టాలా?

14 నెలల పాపకు డే కేర్‌లో చేరాక జలుబు వదలడం లేదనీ, సిరప్ పట్టాలా, మాన్పించేయాలా అనీ అడిగారు. మా బాబు చేరిన కొత్తలో మేమూ ఇదే టెన్షన్ పడ్డాం.

జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైనే. ఒకటి తగ్గీ తగ్గకముందే ఇంకోటి అంటుకుంటుంది. డే కేర్ పిల్లలకు మొదటి ఏడాదిలో 8 నుంచి 12 సార్లు జలుబు రావడం మామూలే. మధ్యలో హుషారుగా ఆడుకుంటూ బరువు పెరుగుతుంటే ఇమ్యూనిటీకి లోటేమీ లేనట్టే. మాన్పిస్తే ఇవే జలుబులు స్కూల్లో చేరాక వస్తాయి, అంతే తేడా. సిరప్ సంగతి అడిగితే మా డాక్టర్ గారు నవ్వి, "ఆ డబ్బులతో సబ్బు కొనండి" అన్నారు.

సబ్బు అనగానే నేను డైపర్ మార్చే చోటుకెళ్లి కాసేపు నిలబడ్డాను. ఆయా ఒకరికి డైపర్ మార్చి, శానిటైజర్ రాసుకుని, అదే చేత్తో ఇంకొకరికి అన్నం కలుపుతోంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాల్సిందే. గొడవేం పెట్టుకోలేదు, అక్కడ సింకు పక్కన సబ్బు పెట్టించాను. నోట్లో పెట్టుకున్న బొమ్మను కడిగేదాకా వేరే తొట్టిలో వేస్తున్నారో లేదో కూడా చూడండి.

పొద్దున్నే పారాసెటమాల్ పట్టి జ్వరం పిల్లాణ్ణి దింపేసి వెళ్లేవాళ్లు ప్రతిచోటా ఉంటారు (సెలవు దొరకని బాధ నాకూ తెలుసు). అయినా మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే, వాంతులు, విరేచనాలైతే ఆగి 48 గంటలు దాటితేనే పంపాలి. ఈ రూల్ మీ దగ్గర ఉందో లేదో అడగండి.

ఇంట్లో చేయాల్సింది పెద్దగా లేదు. టీకాలు తప్పకూడదు. ఫ్లూ టీకా 6 నెలలు దాటినప్పటి నుంచీ ఏటా వేయించవచ్చు. మొదటిసారి 4 వారాల తేడాతో రెండు డోసులు. తల్లిపాలు ఇస్తుంటే ఆపకండి. పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు పడుకోనివ్వండి.

దగ్గు రెండు, మూడు వారాలు సాగినా, క్రమంగా తగ్గుతుంటే కంగారు అక్కర్లేదు. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు, నీళ్లు తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, మత్తుగా పడి ఉన్నా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.