పాత సర్వర్‌ను అప్పుడే తుడిచేయకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ సంస్థ వెబ్‌సైటునూ మెయిలునూ శనివారం రాత్రి కొత్త సర్వర్‌కు మార్చే పని నీ ఒక్కదాని చేతిలో పెట్టారని మీ నాన్న చెప్పగానే ఎంత పొంగిపోయానో, అంత గుబులూ పుట్టింది. అందుకే ఈ ఉత్తరం.

బ్యాకప్ తీసుకో. మీ డొమైన్ (వెబ్‌సైటు పేరు) ఏ సర్వర్‌కు దారి చూపుతుందో చెప్పే పాత రికార్డులన్నీ కాగితం మీద రాసి పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

మార్పు ప్రపంచమంతా పాకడానికి సమయం పడుతుందని అందరూ అంటారు గానీ, నిజానికి ఏదీ ఎక్కడికీ పాకదు. నీ డొమైన్ చిరునామాను ఒకసారి అడిగి తెలుసుకున్న రిజాల్వర్ (మన తరఫున చిరునామాలు కనుక్కునే సర్వర్), ఆ జవాబుతో పాటు వచ్చిన టీటీఎల్ గడువు, అంటే జవాబును దాచుకోదగిన కాలం, తీరేదాకా, తన దగ్గరున్న నకలునే అడిగినవారందరికీ ఇస్తూ ఉంటుంది. గడువు 86400 సెకన్లయితే అది సరిగ్గా ఒక రోజు. 1983లో పాల్ మోకాపెట్రిస్ పేర్లకు చిరునామాలు చెప్పే ఈ డీఎన్‌ఎస్ వ్యవస్థను రూపొందించినప్పుడు తెలిసి చేసిన ఏర్పాటే ఇది. ప్రతిసారీ అసలు రికార్డులున్న సర్వర్లనే అడిగితే అవి తట్టుకోలేవు. కాబట్టి గురువారమే టీటీఎల్‌ను 300 సెకన్లకు దించు. శనివారం సాయంత్రం దించితే, అప్పటికే నకలు తీసుకున్న రిజాల్వర్లలో పాత గడువే నడుస్తూ ఉంటుంది. నీ రికార్డులను ఉంచే నేమ్‌సర్వర్లనే మార్చేటట్లయితే, డాట్ కామ్ పేర్ల పట్టీని నడిపే రిజిస్ట్రీ ఇచ్చే ఆ రికార్డుల గడువు రెండు రోజులు. దానిని నువ్వు తగ్గించలేవు. ఇంకా సృష్టించని పేరును ఆత్రంగా బ్రౌజర్‌లో కొట్టి చూడకు, ఎందుకంటే అటువంటి పేరు లేదన్న జవాబును కూడా రిజాల్వర్ కొంతసేపు దాచుకుంటుంది. చిక్కుడు గింజ నాటి మర్నాడే మట్టి తవ్వి చూసినదానివి కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పసుపు వ్యాపారి మెయిలును ఇలాగే మార్చాను. శుక్రవారం రాత్రి, మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మార్చి నా సొంత ఖాతా నుంచి ఒక మెయిల్ పంపితే అది కొత్త సర్వర్‌లోనే పడింది. నా మెయిల్ పంపిన సర్వర్ వాడే రిజాల్వర్ అంతకుముందు ఆ పేరును అడగనే లేదనీ, అందుకే దానికి కొత్త జవాబు దొరికిందనీ నాకు తట్టలేదు. తెల్లవారగానే పాత సర్వర్ డిస్కు తుడిచేసి హాయిగా టిఫిన్‌కు వెళ్లాను. కొనుగోలుదారుల వైపు మాత్రం పాత రికార్డే ఉంది. రాత్రంతా వారు పంపిన మెయిళ్లను పాత సర్వర్ బుద్ధిగా తీసుకుంది, నేను వాటితో సహా తుడిచేశాను. దానిని ఆ రాత్రే ఆపి ఉంటే పంపేవారి సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నించేవి. ఒకసారి తీసుకున్న మెయిల్‌ను ఎవరు మళ్లీ పంపుతారు? ఆర్డరుకు జవాబు లేదేమని వారం తర్వాత ఒకాయన ఫోన్ చేశాడు. వ్యాపారి నన్ను పల్లెత్తు మాట అనలేదు. రాని మెయిల్ కోసం మౌస్ చక్రం తిప్పుతూ ఇన్‌బాక్స్‌ను కిందికీ పైకీ జరుపుతూ నా ఎదుటే కూర్చున్నాడు.

కనుక పాత సర్వర్‌ను కనీసం వారం రోజులు ఉంచి, రోజూ పొద్దున దానిలోని మెయిల్ పెట్టెలు తెరిచి చూడు. అద్దె దండగని మీ మేనేజరు అంటే ఆ డబ్బు నేను పంపుతాను. శనివారం రాత్రి అన్నం తినకుండా కూర్చోకు. నేను మేలుకునే ఉంటాను, ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి.