కారు చౌడుకు జిప్సం: ఉప్పు మీద ఉప్పు ఎందుకు?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. రెండెకరాల వరి పొలం చౌడుబారింది. వాన నీరు ఇంకదు, బురదగానే నిలుస్తుంది. ఎండితే పైన చెక్కు కడుతుంది. పరీక్షలో ఉదజని సూచిక (pH) 9.2, లవణ సాంద్రత 0.8 మిల్లీమోస్, మార్పిడి సోడియం 26 శాతం వచ్చాయి. నిరుడు ఎకరాకు 4 బస్తాల జిప్సం వేసినా గుణం లేదు. జిప్సమూ ఉప్పే కదా, అది వేస్తే చౌడు ఎలా పోతుంది సార్?

జవాబు: మీ అంకెల ప్రకారం ఇది కారు చౌడు, అంటే మట్టికి సోడియం ఎక్కువగా పట్టిన క్షార నేల. కరిగే ఉప్పులు పేరుకున్న పాల చౌడయితే లవణ సాంద్రత 4 దాటేది, మంచినీళ్లు పెట్టి తీసేస్తే సరిపోయేది. ఇక్కడ చిక్కంతా మట్టిని అంటిపెట్టుకున్న సోడియంతోనే.

బంకమట్టి రేణువులు సన్నని పలకలు, వాటిది రుణావేశం. సోడియం, కాల్షియం లాంటి ధన అయాన్లు వాటికి అంటుకుని ఉంటాయి. సైజులో ఈ రెండూ ఇంచుమించు ఒకటే: వ్యాసార్ధం 1.02, 1.00 ఆంగ్‌స్ట్రామ్‌లు. కానీ సోడియానికి ఉన్న ఆవేశం ఒకటి, కాల్షియానికి రెండు. నీటి అణువులు ఆక్సిజన్ కొసను అయాను వైపు తిప్పి దాని చుట్టూ మూగుతాయి. సోడియం మీద మట్టికి పట్టు తక్కువ. అందుకే అది తన నీటి పొరతో సహా పలకకు దూరంగా జరుగుతుంది, సందులో ఇంకా నీరు చేరి పలకలు విడిపోతాయి. ఆ సన్నమట్టే నీరు ఇంకే దారులను పూడుస్తుంది. కాల్షియం నీటిని అంతకు నాలుగు రెట్ల బలంతో పట్టుకుంటుంది. అయినా రెండు ఆవేశాలతో పక్కపక్క పలకలను దగ్గరగా బిగించి ఉంచుతుంది. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. అది కరిగి ఇచ్చే కాల్షియం సోడియాన్ని తప్పించి ఆ చోట చేరుతుంది. జిప్సమూ ఉప్పే అయినా చౌడును పోగొట్టేది ఇందుకే.

ఇది మీరే చూడొచ్చు. రెండు గాజు గ్లాసుల్లో వాననీరు పోసి, ఒకదానిలో అర చెంచా జిప్సం కలిపి, రెండింటిలో శనగగింజంత ఎండు మట్టిగడ్డ వేయండి. కదపకండి. కాసేపటికి ఉత్త నీటిలోని గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముతుంది. జిప్సం గ్లాసులో గడ్డ జారినా నీరు తేటగా ఉంటుంది. బోరు నీరు వాడొద్దు, అందులోని లవణాలు తేడాను దాచేస్తాయి.

మీరు వేసిన 200 కిలోలు వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు వేసే మోతాదు. పై 15 సెం.మీ. మట్టిలో 100 గ్రాములకు ఒక్క మిల్లీ ఈక్వివలెంటు (అయాన్లను ఆవేశం లెక్కన కొలిచే ప్రమాణం) సోడియాన్ని తప్పించాలన్నా ఎకరాకు సుమారు 700 కిలోలు కావాలి. ‘జిప్సం అవసరం’ ఎంతో ల్యాబులో లెక్క కట్టించుకోండి. వరికి అందులో సగంతో మొదలుపెట్టొచ్చు.

ఎండాకాలంలో చదును చేసి, గట్లు వేసి, మెత్తని పొడి చల్లి పై 10 సెం.మీ. లోపే కలపండి. లోతు దుక్కి చేస్తే పలచబడిపోతుంది. లీటరు నీటిలో జిప్సం కరిగేది 2.5 గ్రాములే. అంటే టన్ను కరగాలంటే ఎకరంలో 10 సెం.మీ. నీరు కావాలి. 10–15 రోజులు నీరు నిలగట్టి, తర్వాత మురుగు కాలువలోకి వదలండి. విడిపడిన సోడియం బయటికి పోకపోతే వేసవిలో మళ్లీ పైకి తేలుతుంది. సున్నం మాత్రం వద్దు, ఇంత ఉదజని సూచికలో అది కరగదు.

ఆపై పచ్చిరొట్ట ఎరువుగా ఎకరాకు 12 కిలోల జీలుగ విత్తనం చల్లి, పూత దశలో కలియదున్నండి. నాటేముందు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేసి, ముదురు నారు కుదురుకు 4–5 మొక్కలు పెట్టండి. బోరు నీటినీ పరీక్ష చేయించండి. బైకార్బనేట్లు ఎక్కువుంటే మట్టిలోని కాల్షియం సున్నంగా పేరుకుపోయి, ప్రతి తడితో సోడియం మళ్లీ వచ్చి చేరుతుంది.