అల్మరా మీది వీణను ఇచ్చేయనా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మాది విజయనగరం, పెళ్లయ్యాక విశాఖలో ఉంటున్నాం. సంగీత కళాశాలలో వీణ సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసి డిప్లొమాలో చేరాను. ఆ ఏడాదే పెళ్లయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వీణ 20 ఏళ్లుగా అల్మరా మీద దుప్పటి చుట్టి ఉంది. ఈమధ్య ఏ పని చేస్తున్నా మనసు అక్కడ ఉండదు. ఊరికే విసుగొస్తోంది, పిల్లల మీద అరుస్తున్నాను. మళ్లీ వాయించాలని ఉందంటే మావారు "ఈ వయసులో కచేరీలు చేస్తావా ఏంటి?" అని నవ్వేశారు. మా అత్తగారు "వాయించని వీణ ఇంట్లో ఉండకూడదు, గుడికి ఇచ్చేయ్" అంటున్నారు. ఇచ్చేయనా? ఏ లోటూ లేకపోయినా ఇలా అనిపించడం నా తప్పేనా?

జవాబు: ఇవ్వకండమ్మా. కనీసం ఈ ఏడాది ఇవ్వకండి.

మీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాను. అసలు ఉత్తరంలో ఇంటి గురించి నాలుగు ముక్కలుంటే, వీణ గురించి పేజీన్నర ఉంది. మీ నాన్నగారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లి తీసుకెళ్లి, ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ చేయించారని రాశారు. చెక్క వాసన కూడా గుర్తుందన్నారు. 20 ఏళ్లు ముట్టుకోని వస్తువు గురించి ఎవరూ అలా రాయరు.

ఇక తప్పు సంగతి. ఇంటిపని ఎంత చేసినా మిగలదు. వండింది తినేస్తారు, ఉతికింది మళ్లీ మాస్తుంది. రోజంతా అదే అయినప్పుడు, ఇది నేను చేశాను అని చూసుకోవడానికి ఏదో ఒకటి కావాలని మనసు అడుగుతుంది. అది ఆకలి లాంటిదే. మా అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అరుగు మీద కూర్చుని, నీలం అంచు పక్కన పసుపు పెట్టాలా, ఎరుపు పెట్టాలా అని రెండు ముక్కలూ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసేది. ఆ గంటలో మంచినీళ్లడిగినా "కుండలో ఉన్నాయి, ముంచుకో" అనేది. అమ్మకి కోపమొచ్చిందేమో అనుకునేవాళ్లం. సాయంత్రం కాఫీ కలిపేటప్పుడు మాత్రం ఆవిడ కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ గంటకీ ఈ కూనిరాగానికీ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

ఒక్క జాగ్రత్త చెప్పనివ్వండి. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. మీ వయసులో థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అలాంటివేమీ లేకపోతే మీకు కావాల్సింది రోజూ ఓ అరగంట.

మీవారి మాటకు బాధపడ్డారు, నిజమే. కానీ పెళ్లయిన ఇన్నేళ్లలో మీ వీణ ఆయన ఒక్కసారైనా విన్నారా? విననిదాన్ని ఆయన ఎలా లెక్క కడతారు? పరీక్షకో, డబ్బుకో తప్ప ఎవరైనా ఏదైనా ఎందుకు నేర్చుకుంటారో మనలో చాలామందికి తోచదు. మీరు చదివిన విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్స్‌గా చేసిన చోటు. అక్కడ నేర్చుకున్నవాళ్లంతా కచేరీలు చేశారా? ఇళ్లలో సాయంత్రం దీపం పెట్టాక వాయించుకున్నవాళ్లు ఎంతమందో మీకే బాగా తెలుసు. మీవారితో వాదించకండి. "రోజూ పది నుంచి పదిన్నర దాకా వాయించుకుంటాను, అప్పుడు ఫోన్ తీయను" అని చెప్పండి. అడగొద్దు, చెప్పండి. రెండింటికీ చాలా తేడా ఉంది.

అత్తగారి మాటను మాత్రం నేను మరోలా విన్నాను. వాయించని వీణ ఉండకూడదన్నారు కదా! అయితే వాయిస్తే సరి. శుక్రవారం దుప్పటి విప్పి, ఆవిడ చేతే బొట్టు పెట్టించండి. ఆవిడకు మంగళహారతులు వస్తే, ఒకటి పాడమని అడిగి పక్కన శృతి పట్టండి. ఆవిడ కాదనరనే అనిపిస్తోంది.

మీరు మొదట చేసే పొరపాటు ఏంటో ముందే చెబుతాను. ఆపేసిన చోటు నుంచి అందుకోవాలని చూస్తారు. వర్ణం లాంటి పెద్ద పాఠం వాయించబోతారు, వేళ్లు తిరగవు, అంతా పోయిందని ఏడుస్తారు. వద్దు. మాయామాళవగౌళ రాగంలో మొట్టమొదట నేర్పే సరళీ వరసలు, అవీ నెమ్మదిగా మొదటి కాలంలో, అంతే. నెలంతా అదే. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు ఒకప్పుడు కాయ కాసి ఉండేవి కదా, ఇప్పుడు మెత్తబడిపోయి ఉంటాయి. తీగ కోసుకుపోయినట్టు మండుతుంది. మొదటి వారం పది నిమిషాలు చాలు. రికార్డు చేయకండి, యూట్యూబ్‌లో పెద్దవాళ్ల వీణ విని పోల్చుకోకండి. పిల్లల్ని పిలిచి నేర్పాలని కూడా చూడకండి, అప్పుడు అదీ ఇంకో ట్యూషన్ అయిపోతుంది. కొన్నాళ్లు అది మీ ఒక్కరిదే.

వీణ కూడా మీలాగే ఉంటుంది. ఇన్నేళ్ల ఎండలకి, స్వరాల మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి మెట్లు కదిలి ఉంటాయి, అన్నీ తప్పు స్వరాలే పలుకుతాయి. తప్పు మీదనుకోకుండా ముందు తెలిసినవాళ్ల చేత 24 మెట్లూ సరిచేయించండి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి నాలుగు వాయించే తీగలు, మూడు తాళం తీగలు, ఏడూ మార్పించండి. సారణి, అంటే మొదటి వాయించే తీగ, మాత్రం రెండు కొనండి. ఇంతకాలం తర్వాత తీగ బిగించే బిరడా తిప్పుతుంటే చెయ్యి అంచనా తప్పి, మొదటి రోజే ఒకటి తెగుతుంది.