సాంతా క్లారా దెల్ కోబ్రే మ్యూజియంలోని రాగి పాత్రలకు అతుకు ఎందుకు కనిపించదు?

అక్కడి సంప్రదాయ పాత్రను రేకులు కలిపి కాకుండా, ఒకే రాగి ముద్దను సుత్తితో సాగగొట్టి చేస్తారు కాబట్టి అసలు అతుకే ఉండదు. మెక్సికోలోని మిచోవాకాన్ రాష్ట్రంలో ఉన్న ఈ ఊరిలో రాగి పని పురేపెచా ప్రజల విద్య, స్పానిష్‌వాళ్లు రాకముందు నాటిది.

పాత కరెంటు తీగల వంటి తుక్కు రాగిని కొలిమి గుంటలో బొగ్గులతో కరిగిస్తారు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. చల్లారి మందపాటి బిళ్లగా గట్టిపడిన దాన్ని మళ్లీ ఎర్రగా కాల్చి, కొందరు చుట్టూ నిలబడి సమ్మెటలతో వంతులవారీగా కొడతారు. దెబ్బలు తిన్నకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. అప్పుడూ ఆపకుండా కొడితే అంచు చీలిపోతుంది, అన్నాళ్ల పనీ వృథా. అందుకే బిరుసెక్కిన ప్రతిసారీ కాల్చాలి. ఆ వేడికి లోపలి స్ఫటికాలు కొత్తగా ఏర్పడి లోహం మెత్తబడుతుంది.

ఉదాహరణకు కూజా. బిళ్ల నడిమి భాగాన్ని పలుచగా సాగదీసి అడుగు, పొట్ట తీస్తారు. అంచును మందంగానే వదిలేస్తారు. ముద్ద నుంచి తీసిన పనికి ఆ మందపాటి అంచు మంచి గుర్తు. మామూలు రేకు పాత్రలో అంచూ పొట్టా ఇంచుమించు ఒకే మందంలో ఉంటాయి.

ఎర్రటి రాగిని నీళ్లలో ముంచితే ఉక్కులా గట్టిపడుతుందని చాలామంది పొరబడతారు. నీళ్లలో ముంచిన ఉక్కు గట్టిపడేది అందులోని కార్బన్ వల్ల. రాగిలో ఆ మార్పు జరగదు, ముంచినా మెత్తగానే ఉంటుంది. ముంచేది త్వరగా చల్లార్చడానికి, పైన కట్టిన నల్లటి పెచ్చు రాలడానికి.