చందమామ పాఠానికి ముందు క్యాలెండర్ చూడండి

ప్రశ్న: ప్రీస్కూల్ టీచర్‌ని. మా క్లాసులో అందరూ నాలుగేళ్ల పిల్లలే. వచ్చే నెల ఒక వారం చందమామ థీమ్ చేయమన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే దూది అంటించడం, పేపర్ ప్లేటుకి రంగులేయడం, రాకెట్ కత్తిరించడం... కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఏవి పెట్టుకోవాలి? చంద్రకళలన్నీ ఇప్పుడే నేర్పాలా? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దండీ, అందులో సగానికి పైగా పక్కన పెట్టెయ్యొచ్చు. ముందు క్యాలెండర్ తీసి పౌర్ణమి ఎప్పుడో చూడండి. పౌర్ణమి వెళ్లిన అయిదో రోజుకి మీ వారం మొదలయ్యేలా పెట్టుకుంటే, పొద్దున తొమ్మిదింటికి పిల్లల్ని బయటికి తీసుకెళ్లి అసలు చందమామనే చూపించొచ్చు, పడమటి వైపు తెల్లగా కనిపిస్తాడు. పగలు చందమామ కనిపించడమే వాళ్లకి పెద్ద వార్త. మనం ఇచ్చే రంగులేసే షీట్లన్నిటిలో పగలు సూర్యుడు, రాత్రి చంద్రుడు అని గీసి ఉంటుంది కదా, పిల్లలు దాన్నే నిజమనుకుంటారు, ఈ వారం మాత్రం ఆ షీట్లు బయటికి తీయకండి. ఆ వేళకి సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి పిల్లల వీపు ఎండవైపు ఉండేలా నిలబెట్టండి, సూర్యుడివైపు నేరుగా చూడకూడదని ముందే చెప్పండి.

చూసొచ్చాక నల్ల కాగితం మీద తెల్ల సుద్దముక్కతో ఎలా కనిపించాడో అలా గీయమనండి. వంకరగా వచ్చినా దిద్దొద్దు. రోజూ ఒకటి, నాలుగు రోజులు. ఆ కాగితాలు వరసగా గోడకి అంటిస్తే 'టీచర్, తగ్గిపోతున్నాడు!' అని వాళ్లలోనే ఎవరో ఒకరు అంటారు. చంద్రకళల గురించి నాలుగేళ్ల పిల్లలకి ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. పేర్లు బట్టీ పట్టించొద్దు.

'ఎందుకు తగ్గుతున్నాడు' అని అడిగితే మాత్రం 'భూమి నీడ పడి' అని దయచేసి చెప్పకండి. చాలామంది పెద్దవాళ్లు కూడా అదే అనుకుంటారు, కానీ భూమి నీడ చంద్రుడి మీద పడేది చంద్రగ్రహణం అప్పుడే. చంద్రుడిలో సూర్యుడివైపున్న సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది, మన చుట్టూ తిరుగుతుంటే ఆ సగంలో ఒక్కోసారి ఒక్కో ముక్క మనకి కనిపిస్తుంది. ఇదంతా నోటితో చెబితే వాళ్లకి ఎక్కదు. గది చీకటి చేసి ఒక పక్క ఎల్‌ఈడీ బల్బు వెలిగించి, తెల్ల థర్మోకోల్ బంతిని పెన్సిల్‌కి గుచ్చి పిల్లాడి చేతికివ్వండి. చెయ్యి చాపి, బంతిని తలకంటే కాస్త పైకి ఎత్తి, దీపానికి ఎదురుగా నిలబడి మెల్లగా ఎడమవైపు తిరగమనండి, నెలవంక వస్తుంది, పెరుగుతుంది, దీపం వీపు వెనక్కి వచ్చేసరికి నిండు చందమామ అవుతుంది. ఒక్కొక్కరితో విడిగా చేయించండి, గుంపులో అయితే ఒకరి నీడ ఇంకొకరి బంతి మీద పడి అంతా గందరగోళం అవుతుంది.

ఇక పిల్లలు వదలమన్నా వదలని ఆట గుంటలది. వెడల్పు ట్రేలో మూడు వేళ్ల మందాన మైదా పోసి, పైన పలచగా కోకో పొడి చల్లండి. నోట్లో పట్టనంత పెద్ద గులకరాళ్లు ఇచ్చి, విసరకుండా చేతిలోంచి వదలమనండి. ఒకసారి మోకాలి ఎత్తునుంచి, ఇంకోసారి భుజం ఎత్తునుంచి. ఏ గుంట పెద్దదో వాళ్లే పోల్చి చెబుతారు. రాయి పడ్డచోట అడుగునున్న తెల్లటి పిండి నాలుగువైపులా గీతల్లా చిమ్ముతుంది. నిజం చంద్రుడి మీద కూడా అంతే, టైకో అనే గుంట చుట్టూ ఇలాంటి తెల్ల చారలే ఉంటాయి, పౌర్ణమినాటి ఫోటోలో స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఫోటో ట్రే పక్కనే పెట్టండి. పచ్చి పిండి నోట్లో పెట్టుకోకుండా చూడాలి, అయ్యాక చేతులు కడిగించాలి.

ఇంకో ట్రేలో తడి ఇసుక మీద చెప్పు అచ్చు వేయించి, దాని మీద నీళ్లు చిలకరించమనండి, చెదిరిపోతుంది. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద వేసిన అడుగుల్ని చెరపడానికి అక్కడ గాలీ లేదు, వానా లేదు అని చెప్పండి. కళ్లు ఇంత చేసుకుని వింటారు.

దూది అంటించే పని మాత్రం వద్దండీ. చంద్రుడు మెత్తగా ఉంటాడని నేర్పినట్టవుతుంది.

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్లు. రాత్రి ప్రయాణంలో 'అమ్మా, చందమామ మనతోనే వస్తున్నాడు' అంటాడు. అవునని సరదాగా అనెయ్యొచ్చా?

జవాబు: అనండమ్మా, అని అక్కడితో ఆపకుండా 'మరి చెట్లు ఎందుకు రావట్లేదు?' అని అడగండి. దగ్గరున్న చెట్లు గబగబా వెనక్కిపోతాయి, దూరంగా ఉన్న కొండ మెల్లగా కదులుతుంది, చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి కదిలినట్టే అనిపించడు. బాబుకి అంకె అక్కర్లేదు. ఇంట్లో బాస్కెట్‌బాల్‌ని భూమి అనుకుంటే టెన్నిస్ బంతి చంద్రుడు. రెండూ చేతికిచ్చి 'ఎంత దూరం పెడదాం?' అనండి, పక్కపక్కనే పెడతాడు. అప్పుడు ఏడు మీటర్ల తాడు పరిచి, టెన్నిస్ బంతిని ఆ చివరిదాకా వాడినే నడిచి పెట్టి రమ్మనండి.

ప్రశ్న: మా పాప 'చందమామలో లైటు ఎవరు వేశారు' అంటోంది. సూర్యుడి వెలుగని చెప్పినా నమ్మడం లేదు.

జవాబు: మాటలతో నమ్మించాలని చూడకండి. చెప్పుల అట్టపెట్టెలో ఒక చివర తెల్ల బంతి అంటించి, ఎదురు చివర కన్ను పెట్టుకునేంత బెజ్జం చేసి మూత పెట్టండి. లోపలికి చూసి ఏముందో చెప్పమంటే, ఏమీ లేదంటుంది. పక్కన ఇంకో బెజ్జం చేసి టార్చి వెయ్యండి, బంతి కనిపిస్తుంది. టార్చి తన చేతికే ఇచ్చి ఎన్నిసార్లయినా ఆర్పి వేసుకోనివ్వండి. గదిలో చీకట్లో మెరిసే చందమామ స్టిక్కర్లు ఉంటే కొన్నాళ్లు తీసి దాచండి, సొంత వెలుగు ఉంటుందని ఆ స్టిక్కర్లే రోజూ నేర్పుతుంటాయి.